వరుస చివర ఒకే పిచ్చిగీత

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. ఈ సంగతి ఇప్పుడు రాసిపెట్టకపోతే, ఇన్నేళ్లుగా నేను కొంచెం కొంచెం పెంచుకుంటూ చెప్పిన కథే నిజమని మిగిలిపోతుంది.

కంఠేశ్వర్‌లో టైపు, జిరాక్స్ చేసే ఒక డీటీపీ షాపులో అప్పుడే చేరాను. లైబ్రరీలో కంప్యూటర్ పుస్తకం రెండుసార్లు చదివి (చివరి అధ్యాయం తప్ప, దాన్ని ఎవరో చింపుకుపోయారు) పండితుణ్ణయిపోయాను. సద్దుల బతుకమ్మకు ముందురోజు నందిపేట్ నుంచి ఒక అక్క పెన్‌డ్రైవ్ తెచ్చింది.

"నన్ను కన్న మా అవ్వ కట్టిన పాట తమ్మీ. అవ్వ పోయింది, రాసిన బుక్కు చెదలు తిన్నది. ఎన్నడో టైపు కొట్టిచ్చినం, ఇగ గిండ్లనే ఉన్నది. రేపు వాడకట్టంత పాడాలె."

ఫైలు తెరిస్తే అన్నీ పిచ్చిగీతలు. "ఇది ఎన్‌కోడింగ్ అక్కా! కంప్యూటర్ అక్షరాలను అంకెలుగా దాచుకుంటది. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టిక దొరకాలె, గంతే" అని ఉపన్యాసం ఇచ్చి, జాబితాలోని పట్టికలన్నీ మార్చి చూశాను. రష్యన్, గ్రీకు, ఆ తర్వాత జపనీస్. తెర నిండా ముచ్చటైన అక్షరాలు!

"దొరికింది! ఇది జపాన్ భాష!"

"మా అవ్వ కందకుర్తి దాటి పోలే. జపాన్ ఎప్పుడు పోయింది తమ్మీ?"

షాపు నడిపే అన్న కుర్చీలోంచి జారిపడేంత నవ్వాడు. "ఇంకో పుస్తకం సదివితే చైనా గూడ పోయొస్తడు."

సిగ్గుతో మళ్లీ మొదటి పిచ్చిగీతలకే వచ్చాను. అక్క తెరకు ముక్కు ఆనించి చూసింది. "వరుస చివరల అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయేంది? ఓ పిలగా, గది ఉయ్యాలో!"

బతుకమ్మ పాటలో ప్రతి వరుస చివరా వచ్చేది అదే కదా! తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల చోట దాచే పాత ఫాంటు ఇది. షాపులోని పాత ఫాంట్లలో ఒక్కొక్కదానితో 'ఉయ్యాలో' కొట్టి, మామూలు ఫైలులో అతికించి పోల్చాను. నాలుగోదానికి అచ్చం అవే గీతలు! ఆ ఫాంటు పెట్టగానే పాటంతా తెలుగైంది.

అక్క పాడుతుంటే, జిరాక్స్‌కు వచ్చిన, బీడీలు చుట్టే ఇద్దరు అక్కలు కాగితాల కట్టను బతుకమ్మలా మధ్యలో పెట్టి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టారు. నన్నూ లాగారు. చివరి చరణం: 'నా పెద్దబిడ్డ నడక ఉయ్యాలో, వంకర సాలు ఉయ్యాలో.'

పెద్దబిడ్డ ఆమేనట, వంకరపోయిన నాగటిచాలులా నడుస్తుందని అవ్వ ఎక్కిరింపు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "సచ్చిపోయి గూడ నన్ను అంటనే ఉన్నది సూడు!"

ఇంటికెళ్లి బాపుతో "ఫైలు రహస్యం నేనే ఛేదించిన" అన్నాను. ఆ పిల్లాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. కాబట్టి, ఆలస్యంగానైనా, నందిపేట్ అక్కకు, షాపు అన్నకు, బీడీల అక్కలకు దండాలు. అన్నిటికంటే పెద్ద దండం, కూతురిని ఎక్కిరించేటప్పుడు కూడా ప్రతి వరుసలో ఉయ్యాలో మానని ఆ అవ్వకు.