అల్మాస్‌గూడ గదిలో అత్తమ్మ

కరోనా వచ్చిన ఏడు మా ఆయన పనిచేసే చీరల షాపు మూడు నెలలు మూతపడింది. మళ్లీ తెరిచినప్పుడు సగం మందినే పిలిచారు. దిల్‌సుఖ్‌నగర్‌లో పదహారేళ్లు ఆ షాపు తెల్ల పరుపు మీద కూర్చొని చీరలు విప్పి చూపించిన మనిషికి పిలుపు రాలేదు. నేను ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో నర్సరీ పిల్లలకు చదువు చెప్పేదాన్ని. ఆ స్కూలు మూతపడింది మూతపడ్డట్టే, ఇక తెరవలేదు.

అప్పుడు మేం మూసారాంబాగ్‌లో ఉండేవాళ్లం. ఆ కిరాయి మా వల్ల కాక అల్మాస్‌గూడకు మారాం. రెండో అంతస్తు మీద ఒక్క గది, దాని ముందు రేకుల షెడ్డు. ఆ షెడ్డులోనే వంట. మేం నలుగురం: నేను, మా ఆయన, ఆరో తరగతి చదివే మా బిడ్డ, మా అత్తమ్మ. బీరువా, మంచం మెట్ల మలుపు తిరగక కిందే ఇంటివాళ్ల దగ్గర వదిలేయాల్సి వచ్చింది. మొదటి రోజు నేను గది మధ్యలో చీపురు పట్టుకొని నిలబడి ఏడుస్తుంటే అత్తమ్మ షెడ్డులోకి పోయి, గోడవారగా పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకుంటోంది.

"గాలి గీ దిక్కు నుంచి ఒస్తున్నది బిడ్డా. స్టవ్వు గా మూలకు పెడితే మంట ఆగుతది, గ్యాసు ఆదా అయితది" అంది.

అత్తమ్మది పోచంపల్లి దగ్గర ఊరు. పెళ్లి కాకముందు నుంచీ చిటికి కట్టింది. నూలుకు రబ్బరు దారంతో ముడులు వేసి రంగులో ముంచితే, ముడి ఉన్నచోట రంగు అంటదు, అదే చీర మీద పువ్వయితది. రోజంతా ఆ ముడులు వేసీ వేసీ ఆమె వేళ్ల చివర్లు గట్టిపడి కాయలు కాశాయి. మామయ్య పోయాక మగ్గం అమ్మేసి కొడుకు దగ్గరికి వచ్చింది. పట్నంలో మా దగ్గర పదేళ్లకు పైగా ఉంది కానీ, ఆమెకు ఇంత పని తెలుసని నాకు అల్మాస్‌గూడ వచ్చాకే తెలిసింది.

బియ్యం గంట ముందు నానబెట్టేది. ఒక పొంగు రాగానే స్టవ్వు ఆపి, గిన్నెను పాత దుప్పటిలో చుట్టి మూలన పెట్టేది. అన్నం దానంతట అదే ఉడికేది. బీరకాయ తొక్కుతో పచ్చడి, క్యాబేజీ కాడతో పప్పు. చింతపండు ఒకసారి పిసికి పారేయనిచ్చేది కాదు, పిప్పిని రెండోసారి నానబెట్టి ఇత్తడి గిన్నెలు తోమించేది. అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ తడిపి, కలిపి ఒక ముద్ద చేసి ఎండబెట్టేది. స్కూళ్లు మళ్లీ తెరిచాక బిడ్డ గౌను పొట్టిదైతే అంచు మడత విప్పి, ఆ మడత గీత కనపడకుండా దాని మీద నీలం రిబ్బను కుట్టింది. స్కూల్లో వేరే పిల్లలు కూడా అట్లాగే కుట్టించుకుంటామన్నారని బిడ్డ మురిసిపోతూ వచ్చి చెప్పింది.

మా చుట్టూ అన్నీ కడుతున్న ఇళ్లే. పొద్దున పనివాళ్లు రాకముందే అత్తమ్మ సంచి పట్టుకొని పోయి, విరిగిన సెంట్రింగ్ చెక్కలు ఏరుకొచ్చేది. మిద్దె మీద మూడు ఇటుకలు పెట్టి వాటితో స్నానాల నీళ్లు కాచేది. నాకు సిగ్గుగా ఉండేది. కాలనీలో నన్ను టీచరమ్మ అని పిలిచేవాళ్లు. స్కూలు లేదని ఎవరికీ చెప్పలేదు, ఆన్‌లైన్‌లో క్లాసులు చెప్తున్నానని అనేదాన్ని.

"అత్తమ్మా, ఎవరన్న చూస్తరు" అన్నాను ఒకసారి.

"చూస్తే చూడనీ. దొంగతనం చేస్తున్ననా, చెత్తల పడేసిందే కదా" అంది.

మా ఆయన కొన్నాళ్లు ఎల్బీ నగర్ చౌరస్తాలో నిలబడి మాస్కులు అమ్మాడు. తరవాత ఒక తోపుడుబండి కిరాయికి తీసుకొని దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద నైటీలు పెట్టాడు. తను పనిచేసిన షాపు రోడ్డుకు అవతలి పక్కనే. పాత గిరాకీలు కనిపిస్తే మొహం తిప్పుకునేవాడట. ఈ మాట నాకు చెప్పలేదు, వాళ్లమ్మకు చెప్పాడు. ఆమె అన్నం కలుపుతూ, "బట్ట బట్టనే కొడుకా. పరుపు మీద అమ్మినా, బండి మీద అమ్మినా" అనడం నేను విన్నాను.

అత్తమ్మకు అప్పటికి ఆరేళ్లుగా బీపీ ఉంది. రోజూ పొద్దున ఒక గోలీ. గోలీల కోసమని నెలకోసారి ఆమె చేతికి పైసలిచ్చేవాడు మా ఆయన. ఖాళీ పట్టీ తీసుకొని తనే వీధి చివరి మెడికల్ షాపుకు పోయి తెచ్చుకునేది. చదువు రాదు కాబట్టి పట్టీ చూపించేది.

ఆ చలికాలం ఒకరోజు కింది వాటాలో ఉండే ఆవిడ మిద్దె మీదికి వడియాలు పెట్టడానికి వచ్చింది. వాళ్లది గుంటూరు వైపు. అత్తమ్మ గోలీ వేసుకోవడం చూసి, "కొనుక్కుంటున్నారా పెద్దమ్మగారూ? సర్కారు బస్తీ దవాఖానాలో ఊరికే ఇస్తారు కదండీ. మా అత్తగారికి అక్కడే తెస్తున్నాను. రెండు వీధుల అవతలే" అంది.

ఆవిడ కిందికి పోయాక అత్తమ్మ నా దగ్గరికి వచ్చింది. నేను బట్టలు ఆరేస్తున్నాను.

"బిడ్డా, జర నన్ను గాడికి తోలుకపోతవా? కాయిదాలు రాయమంటరేమో, నాకు తెల్వదు."

నేను ఒక్కసారి ఆలోచించి ఉంటే బాగుండేది. నా కళ్ల ముందుకు వచ్చింది ఆ దవాఖాన ముందు లైను. ఆ వీధిలోంచి పోతున్నప్పుడు చాలాసార్లు చూశాను. కూలికి పోయేవాళ్లు, చంకన పిల్లలతో ఆడవాళ్లు, గోడ పొడుగునా. వాళ్లలో మా కాలనీవాళ్లు ఎవరన్నా ఉంటే, వాళ్ల మధ్యలో నేను.

"ఆ లైన్ల మనం నిలబడుడేంది అత్తమ్మా. మనం ఇంకా గంతకు దిగజారలే. ఆయన కొనిస్తుండు కదా" అన్నాను.

ఆమె బకెట్లోంచి ఒక తువ్వాల తీసి, పిండి, నా చేతికి అందించింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నా మాట దాటి ఒక్కతే పోయే మనిషి కాదు.

ఆ తరవాతి నెల నుంచి ఇంట్లోకి కోడిగుడ్లు రావడం మొదలైంది. అత్తమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. నాలుగైదు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, వరసగా కుట్టుకుంటూ పోయేది. కాలనీలో ఇద్దరు ముగ్గురు తమ చీరలిచ్చి కుట్టించుకున్నారు కూడా. "బొంతకిచ్చిన పైసలు. ఎదిగే పిల్ల, ఉత్త పప్పన్నం తింటే ఎట్ల" అని గుడ్లు నా చేతిలో పెట్టేది. మా బిడ్డకు రోజూ ఒక గుడ్డు. నేను సంతోషపడ్డాను. అంతకంటే ఆరా తీయలేదు. ఇంత కష్టంలోనూ సంసారం ఎట్ల నెట్టుకొస్తున్నామో మా అక్కకు ఫోన్లో గొప్పగా చెప్పుకున్నాను.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున అత్తమ్మ షెడ్డు నీడలో బొంత కుడుతోంది. బిడ్డ పక్కన కూర్చొని సూదిలో దారం ఎక్కించి ఇస్తోంది. నేను లోపల పిండి కలుపుతున్నాను.

"అమ్మా, నానమ్మ సూది పట్టుకుంటలేదు" అంది బిడ్డ.

బయటికొచ్చి చూస్తే, ఒళ్లో పడిన సూదిని అత్తమ్మ కుడిచేత్తో తీసుకోబోతోంది. వేళ్లు సూది దాకా పోతున్నాయి, మూసుకోవడం లేదు. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. "ఏమైంది అత్తమ్మా" అంటే నా వైపు చూసింది. మూతి ఒక పక్కకు పోయింది. ఏదో అంది, అది మాట కాదు.

కింది ఆవిడా, నేనూ ఇద్దరం కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించాం. మా ఆయన బండి ఎవరికో అప్పజెప్పి నేరుగా దవాఖానకు వచ్చాడు. పెద్ద సర్కారు దవాఖాన. అక్కడ డాక్టరమ్మ చిన్నపిల్ల, మా స్కూల్లో పనిచేసిన టీచర్ల కంటే చిన్నగా ఉంది.

"బీపీ ఉందా?"

"ఉన్నది మేడం."

"మందులు రోజూ వేసుకుంటున్నారా?"

"రోజూ. ఒక్కరోజు కూడా తప్పరు" అన్నాను నేను. అంత ధీమాగా చెప్పాను.

ఆమె ఏ గోలీ వాడుతున్నారో పేరు కావాలంది. నాకు తెలియదు. ఇంటికి పోయి అత్తమ్మ రేకు డబ్బా వెతికాను. సూదులు, గుండీలు, మామయ్య ఫోటో, ఒక ఖాళీ పట్టీ. అది పట్టుకొని మెడికల్ షాపుకు పోయాను, పేరు రాయించుకుందామని. షాపాయన పట్టీ వెనక్కి తిప్పి చూశాడు.

"ఇది పాతది కదమ్మా. పెద్దమ్మ ఇటు రాక ఐదు నెలలైతది. వేరే దగ్గర కొంటున్నరేమో అనుకున్న."

అక్కడ కౌంటరు అద్దం పట్టుకొని నిలబడ్డాను. బొంతలు ఎన్ని కుట్టిందో అప్పుడు మనసులో తలచుకున్నాను. ఈ ఐదు నెలల్లో కుట్టినవి మూడు. గుడ్లు ప్రతి వారం వచ్చాయి.

దవాఖానలో పన్నెండు రోజులున్నాం. ఇంటికి పంపేటప్పుడు నర్సు కాగితం మీద మందులు రాసి, "ఇవి బయట కొనకండి అమ్మా. మీ బస్తీ దవాఖానల ఫ్రీగనే ఇస్తరు. అడిగితే చాలు" అంది. మా ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "గిది ముందుగాల మనకెవరన్న చెప్తే ఎంత మంచిగుండు" అన్నాడు. నేను అత్తమ్మ చీర కుచ్చిళ్లు సర్దుతున్నాను. తలెత్తలేదు.

మనకు ముందే చెప్పారని, ఆమె అడిగిందని, నేనే వద్దన్నానని ఆయనకు ఆ రోజు చెప్పలేదు. తరవాతా చెప్పలేదు. మెడికల్ షాపు మాట మాత్రం చెప్పాను. ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. "నా బిడ్డకు గుడ్డు పెట్టేటందుకా" అన్నాడు. ఆ తరవాత కొన్ని వారాలు మా బిడ్డ గుడ్డు ముట్టలేదు. మా మాటలు ఎట్ల విన్నదో, విన్నది.

అత్తమ్మ కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఎడమ చెయ్యి మాత్రం ఊరికే ఉండేది కాదు. చీర అంచు పట్టుకొని బొటనవేలితో నలుపుతూ ఉండేది, నూలు చూసుకుంటున్నట్టు. నేను ఆమెకు స్నానం చేయించాను, తల దువ్వాను, మెత్తగా పిసికిన అన్నం తినిపించాను. ప్రతి నెలా బస్తీ దవాఖాన లైన్లో నిలబడ్డాను. అక్కడ నన్ను ఎవరూ వింతగా చూడలేదు. ఒకామె జరిగి నీడలో చోటిచ్చింది. అంత మామూలు విషయం అది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరమే ఉన్నప్పుడు ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"అత్తమ్మా, నేను గా రోజు నిన్ను తోలుకపోవాల్సింది. నాదే తప్పు" అన్నాను.

ఆమె నన్ను చూసింది. తరవాత ఎడమచేత్తో షెడ్డు వైపు చూపించింది. స్టవ్వు మీద నీళ్లు కాగుతున్నాయి, లేచి ఆపాను. తిరిగొచ్చేసరికి కళ్లు మూసుకొని ఉంది. నేనన్నది ఆమెకు అర్థమైందో లేదో నాకు తెలియదు. అర్థమై కూడా ఆ మాట అక్కడితో వదిలేసిందో తెలియదు. రెండోసారి చెప్పే ధైర్యం నాకు రాలేదు.

దసరా దాటాక కొద్దికొద్దిగా మాటలు వచ్చాయి. నీళ్లు, బిడ్డ, వద్దు. డాక్టరు నేర్పిన కసరత్తు రోజూ చేయించేవాళ్లం. ఒకరోజు మా ఆయన బండి దగ్గరికి బయల్దేరుతుంటే, పిలుస్తున్నట్టు చెయ్యి ఊపింది.

"ఏందమ్మా?"

చాలా కష్టపడింది. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"సీ... సీతాపలం."

మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నా పెళ్లయిన నాటి నుంచి ఆమె తనకు ఇది కావాలని తిండి విషయంలో అడగడం నేను ఎరగను. అందరం తిన్నాక గిన్నెలో ఏముంటే అది తినేది. మాకు తెలిసిన ఇష్టం ఒక్కటీ లేదు ఆమెకు.

ఆయన దిల్‌సుఖ్‌నగర్ పోలేదు. నేరుగా ఎల్బీ నగర్ పోయాడు. అక్కడ బస్సులు దిగే చోట, ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు గంపల్లో సీతాఫలాలు పెట్టుకొని కూర్చుంటారు. కళ్లు విచ్చినవి, చేతిలోనే మెత్తబడేవి ఏరి తెచ్చాడు. ఒక్క గంట తిరక్కుండానే వచ్చేశాడు.

నేను పండు విప్పి, గింజలు తీసి, గుజ్జు చెంచాతో పెట్టబోయాను. తల అడ్డంగా ఊపింది. పండును ఎడమచేతిలోకి తీసుకుంది. తనే తింది. రసం గడ్డం మీద నుంచి చీర మీదికి కారింది. గింజలు ఒక్కొక్కటే నోట్లోంచి ఒళ్లోకి వదిలింది. గొంతులో పడుతుందేమోనని నేను భయపడుతూ పక్కనే కూర్చున్నాను. తొక్కకు అంటుకున్నది కూడా గీక్కొని తిని, మా ఆయన వైపు చూసి, "ఇంకోటి" అంది.

ఆయన ఇంకో పండు ఆమె చేతిలో పెట్టి, షెడ్డు బయటికి పోయి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. నేను పోలేదు. పోతే నేను కూడా ఏడుస్తానని, చెంగుతో ఆమె గడ్డం తుడుస్తూ అక్కడే కూర్చున్నాను.

సీతాఫలాలు దొరికినన్నాళ్లూ రోజూ తెచ్చాడు. ఆ కార్తీకం వెళ్లాక, చలి మొదలైన వారంలో, పొద్దున చాయ్ తీసుకొని పోతే అత్తమ్మ లేవలేదు.