పైల సుభద్ర పేజీ: ఉంచాలా, తీసేయాలా?

అది రెండేళ్ల కిందటి వానాకాలం. బెంగాల్‌లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో, న్యూ సెటిల్‌మెంట్ కాలనీలోని ఒక తెలుగు బడిలో నేను లైబ్రేరియన్‌ని. బడి పుస్తకాలు కాక నాకు ఇంకో పని కూడా ఉంది. ఎవరైనా రాయగలిగే ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తెలుగు వ్యాసాలు రాస్తాను, దిద్దుతాను. జీతం లేని పని. కొన్నేళ్లుగా అక్కడ అడ్మిన్‌ని కూడా. అడ్మిన్ అంటే పెద్ద అధికారి ఏమీ కాదు. ఒక వ్యాసం ఉంచాలా తీసేయాలా అని సభ్యులు వారం రోజులు వాదించుకున్నాక, ఆ వాదనంతా చదివి చివరి నిర్ణయం రాసే మనిషి.

ఆ వారం నా ముందుకొచ్చిన వ్యాసం 'పైల సుభద్ర'. బావురుపిల్లుల మీద పరిశోధన చేస్తున్న వన్యప్రాణి శాస్త్రవేత్త అని మొదటి వాక్యం. బావురుపిల్లి చిత్తడి నేలల్లో చేపలు పట్టి తినే అడవిపిల్లి. బెంగాలీలు బాగ్‌రోల్ అంటారు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాతదంతా సన్మానపత్రం. 'మూగజీవాల పాలిటి కన్నతల్లి' అని ఒకచోట, 'జాతీయ పురస్కార గ్రహీత' అని ఇంకోచోట. ఏ పురస్కారమో, ఎప్పుడిచ్చారో లేదు. కింద మూలాలు అసలే లేవు.

హైదరాబాద్ నుంచి రాసే ఒక సీనియర్ సభ్యుడు దాన్ని తొలగించమని ప్రతిపాదించాడు. "తెలుగులో, ఇంగ్లిషులో వెతికాను. రెండు పరిశోధన పత్రాలు తప్ప ఏమీ దొరకలేదు. ఆత్మప్రచారంలా ఉంది" అని రాశాడు. మరో ఇద్దరు అవునన్నారు. ఆయనను తప్పుపట్టడానికి లేదు. నేను వెతికినా అవే దొరికాయి.

మా పనిలో దీన్ని నోటబిలిటీ అంటారు. మనిషి గొప్పదా కాదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. ఆమెతో ఏ సంబంధమూ లేనివాళ్లు, నమ్మదగిన చోట, ఆమె గురించి కాస్త వివరంగా రాశారా అన్నదే ప్రశ్న. ఎంతో మంచి పని చేసినవాళ్లకు కూడా పేజీ ఉండకపోవచ్చు. అది వాళ్ల లోపం కాదు. మేం సొంతంగా ఏమీ కనిపెట్టి రాయం, అంతే.

నా సభ్య పేజీలో ఊరి పేరు, బడి పేరు చూసి, వ్యాసం రాసిన హరిణి శనివారం మధ్యాహ్నం నేరుగా లైబ్రరీకి వచ్చింది. వరంగల్ అమ్మాయి. ఇక్కడి ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ ఉద్యోగం. సెలవుల్లో సుభద్ర వెంట చెరువుల సర్వేకి వెళ్తుందట.

"మేడం, మీరు ఈ ఊరోళ్లే కదా. ఆమె ఎంత కష్టపడుతదో మీకు తెల్వదా?"

"తెలిసినా పనికిరాదమ్మా. నాకు తెలుసు అంటే అది మూలం అవదు. పేపర్లో ఎక్కడైనా వచ్చిందా?"

"వెతికిన మేడం. దొరకలే."

"మరి ఆ పురస్కారం సంగతి ఎక్కడ చదివావు?"

ఆమె తల దించుకుంది. "సర్వేల ఎవరో అన్నరు."

"ఇలాగే ఉంటే తీసేయాల్సిందే" అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

సుభద్ర మా బడిలో నాకు మూడేళ్లు జూనియర్. ముఖం గుర్తుంది గానీ, మాట్లాడి ఇరవై ఏళ్లు దాటింది. ఆదివారం పొద్దున ఊళ్లోనే ఇందా అనే పేటలో ఆమె అద్దెకుంటున్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వరండాలో బురద బూట్లు, వాటి పక్కన ఆరబెట్టిన కెమెరా ట్రాపులు. జంతువు ఎదురుగా కదిలితే తనంతట తానే ఫొటో తీసే పెట్టెలవి.

ఆమె నా ఫోన్‌లో వ్యాసం నిలబడే చదివింది.

"ఏటిది అక్కా? నాకు జాతీయ పురస్కారం ఎవరిచ్చినారు?"

"నువ్వు రాయించలేదా?"

"ఈ పేజీ ఉన్నట్టే నాకు తెల్దు." ఫోన్ నా చేతికిచ్చి కూర్చుంది. "వచ్చే నెల ఫారెస్ట్ ఆఫీసులో నా సర్వే పర్మిషన్ రెన్యూ సెయ్యాలి. అక్కడ ఎవరైనా నా పేరు కొట్టి సూస్తే ఇదే వస్తాది. లేని అవార్డు నేనే సెప్పుకున్నాననుకుంటారు. ఆ తర్వాత నా సర్వే ఎవరు నమ్ముతారు? తీసేయండక్కా."

అవార్డు వాక్యం అప్పటికప్పుడు, ఆమె ఎదురుగానే తీసేశాను. పేజీ మొత్తం తీసేయడం మాత్రం నా ఒక్కదాని చేతిలో లేదు. పైగా పేజీ పోయినా 'ఆత్మప్రచారంలా ఉంది' అన్న చర్చ అక్కడే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు. ఆ మాట దాచకుండా చెప్పాను. ఆమె ఆరిన కెమెరా ట్రాపు ఒకటి తీసి తుడవసాగింది.

"పేపరోళ్లు ఎవరూ రాలేదా నీ దగ్గరికి?" అని అడిగాను.

"బెంగాలీ పేపరోళ్లు రెండుసార్లు వచ్చినారు. ఒకసారి బాలాసోర్ నుంచి ఒడియా ఆయన వచ్చినాడు. నేనేటీ దాచలేదు. వాళ్లు నా పేరు కూడా సరిగా రాయలేదక్కా. మా నాన్న అప్పారావు కదా, బడి రికార్డులోనే నన్ను రావు సేసేసినారు. ఇక్కడోళ్లకి తెలుగోళ్లందరూ రావులే. సుభద్ర రావు అని ఏసినారు."

ఆ పేరుతో వారం రోజుల్లో ఎవరూ వెతకలేదు. నేనూ వెతకలేదు.

ఇంకేదో అడగబోతుంటే గేటు దగ్గర మోటారు సైకిల్ ఆగింది. చేపల చెరువు రైతు ఒకాయన, దిగకుండానే అరిచాడు. "దీదీ, జాలే బాగ్‌రోల్ పొడేఛే!" వలలో బావురుపిల్లి చిక్కుకుందట. సుభద్ర బూట్లు తొడుక్కుని, గోనెసంచి, మందపాటి చేతితొడుగులు తీసుకుని ఆయన వెనక ఎక్కేసింది. "తలుపు దగ్గరికేసి ఎల్లండక్కా" అన్న మాట వీధి మలుపులోంచి వినబడింది. వల కోసి దాన్ని ప్రాణాలతో వదిలారని తర్వాత తెలిసింది.

ఇంటికి వచ్చి బెంగాలీ లిపిలో 'సుభద్ర రావు' అని కొట్టాను. ఒక దినపత్రికలో రెండు కథనాలు, ఏడాది తేడాతో. ఒకటి దాదాపు సగం పేజీ. విలేకరి చెరువుల దగ్గరికి వెళ్లి, రైతులను, ఫారెస్ట్ గార్డును విడివిడిగా అడిగి రాశాడు. ఒకప్పుడు ఉచ్చులు పెట్టిన రైతులే ఇప్పుడు ఆమెకు కబురు చేస్తున్నారని అందులో ఉంది. ఒడియా కథనాన్ని కూడబలుక్కుంటూ చదివాను. ఫొటోలో ఆమే, మోకాళ్ల దాకా బురద.

మూలాలు దొరికాయి. ఇక నిర్ణయం మాత్రం నేను రాయకూడదు. ఆమె మా బడి మనిషి, నేను ఆమె ఇంటికి వెళ్లాను. దీన్ని కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ అంటారు. తీర్పు చెప్పేవాళ్లకు ఆ విషయంతో సొంత సంబంధం ఉండడం అన్నమాట. ఆ మాటే చర్చలో ముందు రాసి, అడ్మిన్‌గా తప్పుకున్నాను. మామూలు సభ్యురాలిగా మూడు కథనాల లింకులు పెట్టి, ముఖ్యమైన వాక్యాలకు తెలుగు ఇచ్చాను. వ్యాసంలో ఉన్నవాటిలో ఏవి అబద్ధమో కూడా రాశాను.

మర్నాడు హైదరాబాద్ సభ్యుడు జవాబిచ్చాడు. "నాకు బెంగాలీ రాదు. రావు అని వెతకాలని తోచనే లేదు. ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. ఆత్మప్రచారం అన్న మాటకు క్షమించాలి." ఆ మాటను ఆయన తన చేత్తోనే కొట్టేశాడు. వేరే అడ్మిన్ 'ఉంచాలి' అని చర్చ ముగించాడు.

అప్పుడు అసలు కోత మొదలైంది. 'కన్నతల్లి' పోయింది. విశేషణాలన్నీ పోయాయి. మిగిలినవి తొమ్మిది వాక్యాలు. ఆ ఆదివారం వల కోసిన సంగతి నాకు బాగా తెలుసు, కానీ ఎవరూ అచ్చువేయలేదు కనుక రాయలేదు. హరిణి ఫోన్ చేసి "గింతేనా మేడం?" అంది. గొంతులో అలక ఇంకా తగ్గలేదు. "ఇందులో ఒక్క మాట కూడా ఎవరూ కొట్టెయ్యలేరమ్మా" అన్నాను. ఆమెకు అది పెద్దగా ఓదార్పు కాలేదనుకుంటాను.

పర్మిషన్ వచ్చాక సుభద్ర కూడా ఫోన్ చేసింది. "పేజీలో సుభద్ర రావు అనే పేరు కూడా పెట్టినారు. మంచి పని సేసినారక్కా. నా పాత రిపోర్టులు కొన్ని ఆ పేరుతోనే ఉన్నాయి" అంది. పొగడ్తలు పోయినందుకు బెంగ ఏమీ లేదు. చెరువుల దగ్గర నీళ్లు ఎక్కువగా ఉన్నాయని చెప్పి పెట్టేసింది.

ఆ తర్వాత కూడా చాలా వ్యాసాలు తీసేశాను, తీసేయాల్సినవే. అయితే ఎవరైనా 'వెతికాను, దొరకలేదు' అంటే వెంటనే సరే అనను. ఏ పేరుతో వెతికారు, ఏ లిపిలో వెతికారు అని అడుగుతాను. నిజానికి ఆ ప్రశ్న మొదట నన్ను నేను వేసుకోవలసింది. ఈ ఊళ్లో పుట్టి, ఇక్కడి లిపులన్నీ చదవగలిగి ఉండి కూడా, ఆ వారమంతా నేను తెలుగు, ఇంగ్లిషు రెండింట్లోనే వెతికాను.