అట్టపెట్టెకో సీటు

థాంక్స్‌గివింగ్ మర్నాడు ఉదయం డల్లాస్ రైల్లో కాలు పెట్టే చోటు లేదు. ఏడాదికోసారి భారీ తగ్గింపు ధరలకి అమ్మే బ్లాక్ ఫ్రైడే కదా! ఆ పేరు ఇలాంటి రద్దీతోనే విసిగిపోయిన ఫిలడెల్ఫియా పోలీసులు పెట్టిన తిట్టు. ఆ తిట్టును కూడా పండగ చేసి అమ్ముకున్న ఘనత వ్యాపారులది. ఉన్నదానికి కృతజ్ఞతలని నిన్న భోజనాల దగ్గర దణ్ణాలు పెట్టినవాళ్ళే ఇవాళ షాపుల్లో ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటారు.

నా ఎదురుగా కిటికీ సీటులో పెద్ద టీవీ అట్టపెట్టె ఉంది. పక్క సీటులో దాని యజమాని, ఫోన్‌లో ఎవరికో తెలుగులో డీల్స్ చెబుతున్న కుర్రాడు. అతని పక్కనే షాపు యూనిఫాంలో ఒక పెద్దావిడ కడ్డీ పట్టుకుని నిలబడే కునికిపాట్లు పడుతోంది. తెల్లవారకముందే తలుపులు తెరిచి ఈ గుంపుని లోపలికి వదిలేది ఇలాంటివాళ్ళే.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఏం బాబూ, మనుషులు నిలబడితే టీవీకి సీటా? దాన్ని కింద పెట్టు” అన్నాను.

“సారీ అక్కా” అంటూ చటుక్కున లేచి, ఆవిణ్ని తన సీటులో కూర్చోబెట్టాడు. అట్టపెట్టెని మాత్రం కదపలేదు.

“అంత అపురూపమా ఆ టీవీ?”

“టీవీ కాదక్కా, బాక్స్. అది నలిగితే ప్రాబ్లం. క్రికెట్ సిరీస్ అయిపోయినంక జనవరిల రిటర్న్ చేసి పైసలు వాపస్ తీస్కోవాలె గద!”



ఆవిడ అప్పటికే ఆ పెట్టెకి తల ఆనించి నిద్రపోయింది. తల బరువుకి అట్ట అంచు మెల్లగా లోపలికి నొక్కుకుపోతోంది. అతను చూశాడు. ఆవిణ్ని లేపలేదు.