కొంగున ఆరో ముడి

నిన్న పాస్‌పోర్ట్ ఆఫీసులో నన్ను పిల్లల దొంగ అనుకున్నారు. చివరికి చాయ్ తాగించి పంపారు. మధ్యలో ఏమైందో మర్చిపోకముందే చెప్పేస్తాను, వినండి.

మా మనవరాలు సుజాతకు తొమ్మిదేళ్లు. స్కూలు లెజీమ్ డాన్సు జట్టుతో ఆడడానికి మారిషస్ వెళ్లాలి. నిన్న సాయంత్రంలోగా ఫారం ఇవ్వకపోతే దాని చోటు ఇంకో పిల్లకు పోతుంది. సంతకాలు చేసిపెట్టిన కోడలికేమో జ్వరం.

"అత్తమ్మా, నువ్వు ఏదో ఒకటి మర్చిపోతవ్. పక్కింటి వదినెను పంపుత" అంది.

ఆ మాట గుచ్చుకుంది. కొంగుకు ఆరు ముళ్లు వేసుకున్నాను. కాయితాలకు ఐదు. ఆరోది దేనికో, ముంబైలో మేముండే వరుసగదుల చాల్ మెట్లు దిగేసరికే మర్చిపోయాను. ఐదూ సంచిలో ఉన్నాయి కదా అని గ్రాంట్ రోడ్‌లో బస్సెక్కాం.

కిటికీ వెనక ఆఫీసరు ఫారం చూశాడు, ఫొటో చూశాడు, పిల్లను చూశాడు. మరాఠీలో అవ్వా అని పిలిచి అడిగాడు.

"ఆజీ, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ అని రాసుంది. ఫొటోలో ఉంది. పిల్లకేది? ఎవరి పిల్లను తెచ్చావు?"

అది మచ్చ కాదు, దిష్టిచుక్క. మారిషస్ మాట తెలిసినప్పటి నుంచి చాల్ కళ్లన్నీ దీనిమీదేనని, స్టూడియోలో నేనే కాటుకతో పెట్టాను. ఫారాలు నింపే అతను ఫొటో చూసి మచ్చ అని ఇంగ్లీషులో రాసేశాడు. నాకు చదవడం వచ్చింది తెలుగు ఒక్కటే, అదీ సొంతంగా నేర్చుకున్నది.

సంచిలోంచి కాటుక డబ్బా తీసి, "కావాలంటే ఇప్పుడే పెడతాను సాహెబ్" అన్నాను. లైనంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"నిజమైన గుర్తు చెప్పు. లేకపోతే ఫారం వాపస్."

"కుడి మోకాలి కింద గాటు. మూడేళ్ల కింద, గోకులాష్టమి నాడు, నల్లా వచ్చిందని చిన్న బిందె పట్టుకొని ఉరికి, చాల్ నాలుగో మెట్టు మీద పడింది. మూడు కుట్లు. ఆకుపచ్చ గౌను" అన్నాను ఊపిరి తీయకుండా. సుజాత మోకాలు చూపించింది.

ఆయన మచ్చ కొట్టేసి గాటు రాశాడు. ఠప్పున ముద్ర పడింది. "ఫొటోలో చుక్క ఉండనీ ఆజీ. విమానంలో కూడా దిష్టి తగులుతుంది" అని చాయ్ తెప్పించాడు.

ఇంటికొచ్చి రసీదు కోడలి చేతిలో పెట్టాను. "మర్చిపోతానంటివి గదా" అన్నాను, గ్యాలరీలోని ఇరుగుపొరుగంతా వినేటట్టు. ఒక్కో ముడీ విప్పి చూపించాను. ఆరోదాని దగ్గర చేయి ఆగింది.

"అవ్వా, అది నాకు దిష్టిచుక్క పెట్టాలని పొద్దున కట్టుకున్నవ్" అంది సుజాత.

పని గట్టెక్కించింది నా జ్ఞాపకమని నేనంటున్నాను, మతిమరుపని కోడలంటోంది. ఏదైతేనేం, నిన్న పొద్దున ఆ చుక్క గుర్తుండి పెట్టి ఉంటే, పాస్‌పోర్ట్‌లో అదే పుట్టుమచ్చగా పడిపోయి, పిల్ల ఊరు దాటే ప్రతిసారీ నేను కాటుక డబ్బా పట్టుకొని విమానం దాకా పోవాల్సి వచ్చేది.