ఇంటికొచ్చి చెప్పిన మాట

మా మేస్త్రీ గారు పోయారని పొద్దున్నే గుడివాడ నుంచి ఫోన్ వచ్చింది. బందరులో రోల్డ్‌గోల్డ్ నగల ఫ్యాక్టరీలో నాకు గొలుసు అల్లడం నేర్పింది ఆయనే. నా ఉద్యోగం పోయిందని చెప్పిందీ ఆయనే. రెండింటికీ ఆయనకు దణ్ణం పెడతాను.

పనిలో మహా చాదస్తం. అల్లిన ప్రతి గొలుసునూ చెంపకు రాసుకుని చూసేవారు. కాస్త గీరుకున్నా విప్పించేవారు. "పెట్టుకునేది మనిషమ్మా, అద్దాల బీరువా కాదు" అనేవారు. ఏదో ఒకరోజు ఈయన చెంపలకూ పూత ఎక్కేస్తుందని మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం.

తొంభైల చివర్లో బజారు పడిపోయింది. ఆర్డర్లు ఆగిపోయాయి. సగంమందిని తీసేస్తూ పేర్లు గేటుకు అంటించమన్నారు యజమాని. మేస్త్రీ గారు ఒప్పుకోలేదు.

"వీళ్ళందర్నీ ఇళ్ళకెళ్ళి పిలుచుకొచ్చానండీ. వద్దన్న మాట కూడా ఇంటికెళ్ళే చెప్తాను" అన్నారు.

సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంట్లోనూ ఒకటే పద్ధతి. చెప్పులు బయట విడిచి, వరండా అంచున కూర్చుని, "కాసిని మంచినీళ్ళిస్తావా అమ్మా" అనేవారు. తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెప్పేవారు. మా ఇంట్లోనూ అంతే. మా ఆయనకు అప్పటికే పని లేదు, నా జీతంతోనే పొయ్యి వెలిగేది. మా అత్తగారు మండిపడ్డారు.

"మా నోటిదగ్గర కూడు లాగేస్తా, మా నీళ్ళే ఎట్టా తాగబుద్దేసిందయ్యా?"

ఆయన తల వంచుకున్నారు. "అనండమ్మా. అనడానికి ఎదురుగా ఒక మనిషుండాలిగా. గేటుకంటించిన కాగితాన్ని ఏమంటారు?"

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చారు. మొవ్వలో పెళ్ళిళ్ళకు నగలు అద్దెకిచ్చే కొట్లో, తెగిన గొలుసులు బాగుచేసే పని నాకు మాట్లాడి పెట్టారు. ఆ పనే మా ఇల్లు నిలబెట్టింది. అందరికీ అలా దొరకలేదు. దొరకనివాళ్ళ ఇళ్ళకూ ఆయన మొహం చాటెయ్యకుండా వెళ్తూనే ఉన్నారు. అంత ధైర్యం నేను మరొకరిలో చూడలేదు.

గుడివాడ వెళ్ళి ఆయన భార్య పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"చివర్న ఆయన్నీ తీసేశారు కదమ్మా. ఆ రోజు ఇంటికొచ్చి లోపలికి రాలేదు. చెప్పులు విడిచి, పరాయింటికొచ్చినట్టు వరండా అంచున కూర్చున్నారు. 'కాసిని మంచినీళ్ళిస్తావా' అన్నారు. నాకు అర్థమైపోయింది. గ్లాసు నిండా తెచ్చి, 'ఏం చెప్పక్కర్లేదులెండి, ముందు తాగండి' అన్నాను."