గుండ్రాయిలా ఉన్నాను

అమలాపురంలో నేనెక్కిన బస్సు కిక్కిరిసిపోయింది. మావైపు అలవాటే, నిలబడ్డవాళ్ల సంచులు కూర్చున్నవాళ్ల ఒళ్లోకి చేరిపోతాయి. నా ఒళ్లో అప్పటికే మూడున్నాయి. ఆసుపత్రిలో మా అత్తగారి దగ్గర ఈ ఒక్క రాత్రికి తను పడుకుంటానని ఫోన్లో అక్క పోరుతోంది.

"అక్కర్లేదక్కా. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని పెట్టేశాను.

పక్కసీటావిడ నవ్వింది. నలభై ఏళ్లుంటాయి. ఎక్కడో కొండల్లో, సొరంగాలు తవ్వేచోట రాళ్లు పరీక్షించే ఉద్యోగమట.

"మన కోనసీమలో రాళ్లెక్కడున్నాయండీ, అంతా ఒండ్రే కదా. అందుకే రాయంటే గట్టిదనుకుంటాం" అంది. "మేం రాతిముక్కని మిషన్లో పెట్టి బరువు పెంచుకుంటూ పోతామండి. లోపల ఎక్కడికక్కడ సన్నటి బీటలు పుడతాయి. పైకి నున్నగానే ఉంటుంది. చప్పుడు పట్టే పరికరం అతికించి వింటే మాత్రం, టిక్కు టిక్కుమంటూనే ఉంటుందండి."

"తరవాత?"

"ఆ బీటలన్నీ ఒకదాన్నొకటి కలుసుకుంటాయండి. అప్పుడింక ఆపుదామన్నా ఆగదు. ఒక్కసారే పగిలిపోద్ది."

ఆవిడ నా ఒళ్లోంచి పైసంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. కాసేపాగి రెండోది కూడా తీసుకుంది. కొత్తపేటలో దిగేటప్పుడు వాటిని తిరిగి నాకివ్వలేదు. తన సీట్లో కూర్చున్న పెద్దాయన ఒళ్లో పెట్టి, "కాస్త చూడండీ" అని దిగిపోయింది.

బస్సు కదిలాక అక్కకి ఫోన్ చేశాను.

"రాత్రికి నువ్వు రా అక్కా."

ఎందుకని అడగలేదు. "ఎప్పుడో బయల్దేరిపోయేనే" అంది. ఫోన్లో తన వెనకాల బస్సు హారన్ వినిపించింది.