గొంగడి కప్పిన ఫ్రీజర్ పెట్టె

బాపు పోయిన నాడు ముంబైలో ఉన్న చెల్లె మరునాడు పొద్దున గానీ చేరుకోలేనంది. తను వచ్చేదాకా ఆయన ముఖం చెడకూడదు. అందుకని మక్తల్ నుంచి ఫ్రీజర్ పెట్టె కిరాయికి తెచ్చి, బాపును అందులో పడుకోబెట్టాం. మధ్యాహ్నానికల్లా మీసాల మీద సన్నటి మంచు పట్టింది. బయట అద్దానికి చెమట పోసింది. చుట్టాలు ఏడుపు ఆపి ఆ వింత చూశారు.

మేనత్త మాత్రం బాపు గొంగడి పట్టుకొచ్చింది. "మూత తియ్ కొడుకా. మా తమ్మునికి సలి పడది."

"లోపల కప్పితే సల్లదనం ఒంటికి తగలదత్తా. చెల్లె వచ్చేదాంక ముఖం ఆగది."

"నీకు పుస్తకాలల్ల సలి తెలుసు. నాకు వాని సలి తెలుసు."

అంతలో కరెంటు పోయింది. పెట్టె తెచ్చినాయన, "మూత ఎవ్వరు తియ్యకుండ్రి. అవ్వా, గా గొంగడి ఇటియ్యి," అని పెట్టె మొత్తానికి పైనుంచి కప్పేశాడు. ఉన్ని లోపలి చలిని బయటికి పోనివ్వదట. నేను చదివిన సంగతే, సమయానికి నాకే తోచలేదు. మేనత్త నావైపు గెలిచినట్టు చూసింది. రెండు గంటల తర్వాత కరెంటు వచ్చింది.

పొద్దున చెల్లె దిగగానే మూత తీశాం. ముఖం నిన్నటిలాగే ఉంది. చెల్లె ఆయన చెంప తాకి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గింత సల్లగున్నడేందత్తా?"

"మీ అన్ననడుగు బిడ్డా," అంది మేనత్త. "లోపల కప్పుదమంటె ఇననే ఇనలే."

చెల్లె ఏడుస్తూనే నవ్వింది.